డోలమైట్స్ యాత్రకు గైడ్‌బుక్కులు, మ్యాపులు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి?

ప్రశ్న

వచ్చే సెప్టెంబరు మొదటి వారంలో బయలుదేరి 16 రోజుల పాటు ఆల్ప్స్ పర్వతాల తూర్పు భాగంలో, ముఖ్యంగా ఇటలీలోని డోలమైట్స్ పర్వతాల్లో, తిరిగి రావాలని నేను, నా భార్య, అరవై ఎనిమిదేళ్ల మా నాన్నగారు అనుకుంటున్నాము. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో దిగి, బ్రెన్నర్ కనుమ మీదుగా రైల్లో ఇటలీలోని బోల్జానోకు వెళ్లి, అక్కడి నుంచి వాల్ గార్డెనా లోయలో అయిదు రోజులు, ఆ తరువాత కోర్టీనా దాంపెజ్జో పరిసరాల్లో అయిదు రోజులు ఉండి, దొబ్బియాకో, లియెంజ్‌ల మీదుగా మళ్లీ ఇన్స్‌బ్రుక్ చేరుకోవాలన్నది మా ఆలోచన. కారు తీసుకోము. రైళ్లు, బస్సులు, రోప్‌వేలు, మిగిలినది కాలినడక. నాన్నగారు రోజుకు నాలుగు గంటలు నడవగలరు కానీ, ఇనుప తాళ్లు పట్టుకుని ఎక్కే దారుల జోలికి మేము పోము.

నా ఇబ్బంది పుస్తకాల దగ్గర మొదలైంది. ఇటలీ మొత్తానికి రాసిన గైడ్‌బుక్ ఒకటి తిరగేస్తే వేయి పేజీలకు దగ్గరగా ఉన్న ఆ పుస్తకంలో మేము వెళ్లే చోట్లకు దక్కినవి ముప్ఫై పేజీలకు మించలేదు. అది కొంటే ఆస్ట్రియాకు మరొకటి కొనాలి. మ్యాపుల సంగతి ఇంకా అయోమయంగా ఉంది. ఒకే ప్రాంతానికి 1:200,000 మొదలుకొని 1:25,000 దాకా రకరకాల స్కేళ్లలో దొరుకుతున్నాయి. మోయవలసిన బరువును, పెట్టవలసిన ఖర్చును దృష్టిలో పెట్టుకుని, నిజంగా పనికొచ్చేవి ఏవో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1

మీరు పుస్తకంతో మొదలుపెట్టారు, నేనైతే మ్యాపుతో మొదలుపెడతాను. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉంటారో మీకు ఇప్పటికే తెలుసు కాబట్టి, ఆ ఊళ్ల చుట్టూ ఒక రోజులో నడిచి రాగల మేర ఎంతో గీసుకుంటే మీకు కావలసిన మ్యాపులు వాటంతట అవే తేలిపోతాయి.

స్కేలు గురించి భయపడవలసినది లేదు. 1:25,000 మ్యాపులో నేల మీది ఒక కిలోమీటరు కాగితం మీద 4 సెంటీమీటర్లు అవుతుంది, 1:50,000లో 2 సెంటీమీటర్లు, 1:200,000లో కేవలం 5 మిల్లీమీటర్లు. ట్రే చీమె శిఖరాల చుట్టూ తిరిగి వచ్చే నడక సుమారు 10 కిలోమీటర్లు ఉంటుంది. మొదటి మ్యాపులో ఆ దారి మూర కంటే కాస్త తక్కువ పొడవున వంపులన్నిటితో కనిపిస్తే, చివరి దానిలో చిటికెన వేలంత గీతగా మిగులుతుంది. నడకకు 1:25,000 మాత్రమే తీసుకోండి. డోలమైట్స్‌లో ఈ స్కేలుకు తబాక్కో సంస్థ మ్యాపులను నడిచేవారు ఎక్కువగా వాడతారు. మీ యాత్రకు వాల్ గార్డెనా, దాని పక్కనే ఉన్న ఆల్పె ది సియూజి పచ్చిక మైదానం కనిపించే 05 నంబరు షీటు, కోర్టీనా పరిసరాలకు 03, ట్రే చీమె వైపు వెళ్లాలనుకుంటే 010 సరిపోతాయి. మూడు షీట్లూ కలిపినా ఒక పలుచని పుస్తకమంత బరువు ఉండవు. కొంపాస్ సంస్థ వారి 1:50,000 మ్యాపుల్లో ఒక్కో షీటుకు ఎక్కువ ప్రాంతం వస్తుంది కానీ, రాతిగోడల మధ్య దారులు మెలికలు తిరిగే చోట ఆ స్కేలు నాకు చాలదు.

కొన్న రోజే సంకేతాల పట్టికను చదవండి. తబాక్కో మ్యాపులో ఎర్ర గీత ఎక్కడ తెగి చుక్కలుగా మారుతుందో అక్కడ దారి కష్టమవుతున్నదని అర్థం. క్రాసు గుర్తులు వరుసగా కనిపిస్తే అది వియా ఫెర్రాటా, అంటే మీరు వద్దన్న ఇనుప తాళ్ల దారి. దూరం నుంచి చూస్తే అన్నీ ఎర్ర గీతలే కావడంతో, ఈ తేడా గమనించక సాయంత్రం ఆరింటికి కొండ అంచు మీద నిలబడిపోయినవారిని నేను చూశాను. మరొక సౌకర్యం ఏమిటంటే, ఇటలీ కొండదారుల్లో ఎరుపు తెలుపు ఎరుపు పట్టీల మధ్య రాసే నంబరే మ్యాపులోనూ ఉంటుంది. రిఫూజియో ఔరోంజో అనే కొండ విడిది నుంచి ట్రే చీమె వెనుక వైపుకు వెళ్లే దారి 101, చుట్టు తిరిగి వచ్చేది 105. బండ మీద నంబరు చూసుకుంటూ, మ్యాపులో నంబరు చూసుకుంటూ నడిస్తే భాష రాకపోయినా ఇబ్బంది లేదు.

ఇన్స్‌బ్రుక్, బోల్జానో పట్టణాలకు మ్యాపు కొనకండి. పర్యాటక కార్యాలయంలో ఇచ్చే ఉచిత మ్యాపు చాలు. 1:200,000 రోడ్డు మ్యాపు కారు నడిపేవారికి అవసరం, మీకు కాదు. అయితే మొత్తం ప్రాంతం ఒకే చూపులో కనిపించే కాగితం ఒకటి ఇంట్లో గోడకు అంటించుకుంటే ఏ లోయకు ఏ లోయ పక్కన ఉన్నదో మనసుకు ఎక్కుతుంది. ఆ పనికి మాత్రం అది మంచిదే.

జవాబు 2

మ్యాపుల గురించి పైన చెప్పినదానితో ఏకీభవిస్తూ, పుస్తకాల గురించి నాలుగు మాటలు చెబుతాను.

దేశం పేరుతో వచ్చే గైడ్‌బుక్ మీకు పనికిరాకపోవడానికి పేజీల కొరత ఒక్కటే కారణం కాదు. ఆ పుస్తకాలు అధ్యాయాలను పాలనా విభాగాల ప్రకారం కోస్తాయి. వాల్ గార్డెనా త్రెంతీనో-ఆల్తో ఆదిజె అధ్యాయంలో ఉంటుంది. అక్కడికి తూర్పున, రెండు మూడు కనుమలు దాటితే వచ్చే కోర్టీనా మాత్రం వెనెతో ప్రాంతంలో ఉన్నది కాబట్టి వెనిస్ పట్టణంతో కలిసి వేరే అధ్యాయంలో పడుతుంది. మీరు వెళ్లే లియెంజ్ అసలు వేరే పుస్తకంలో ఉంటుంది. ఒకే పర్వతశ్రేణి అలా మూడు ముక్కలైపోతుంది. ఈ ముక్కల మధ్య బస్సు ఎలా మారాలన్నది ఏ ముక్కలోనూ సరిగా ఉండదు. బోల్జానో వైపు బస్సులను చూపే సుద్‌తిరోల్‌మొబిల్ వేరు, కోర్టీనా వైపు తిరిగే డోలొమితి బుస్ వేరు కదా. అందువల్ల డోలమైట్స్ పేరుతోనో, ఆ పర్వతాలతో పాటు ఇరుగుపొరుగు లోయలను కలుపుకునో రాసిన ప్రాంతీయ పుస్తకాన్నే వెతకండి.

రెండు పుస్తకాల మధ్య ఎంచుకోవలసి వస్తే నేను అనుసరించే పద్ధతి ఇది. పేరున్న ఊరిని వదిలేసి, మీ దారిలోని ఒక చిన్న ఊరిని తీసుకోండి, దొబ్బియాకో అనుకుందాం. అకారాది సూచికలో ఆ పేరు తీసి, ప్రతి పుస్తకం దాని గురించి ఏమి చెప్పిందో పక్కపక్కనే పెట్టి చదవండి. స్టేషను ఊరికి ఎంత దూరంలో ఉన్నది, కోర్టీనాకు బస్సు ఎక్కడ ఆగుతుంది, వర్షం పడితే ఏమి చేయవచ్చు అన్నవి రాసినవాడు అక్కడికి వెళ్లాడు. ‘మనోహరమైన పర్వత గ్రామం’ అని రాసి వదిలేసినవాడు వెళ్లాడని నేను నమ్మను.

తరువాత ముద్రణ వివరాల పేజీ చూడండి. అట్ట మీది సంవత్సరం పుస్తకం మార్కెట్లోకి వచ్చిన సంవత్సరం మాత్రమే. సమాచారం సేకరించినది సాధారణంగా అంతకు ఏడాది ముందు. పునర్ముద్రణ అని ఉంటే లోపల ఒక్క అక్షరం కూడా మారకపోయి ఉండవచ్చు. డోలమైట్స్‌కు ఇంకొక సులువైన పరీక్ష ఉన్నది. 2018 అక్టోబరు చివర వచ్చిన వాయా తుఫానుకు బోల్జానో దగ్గరి కరెజ్జా సరస్సు చుట్టూ ఉన్న అడవిలో పెద్ద భాగం నేలకూలింది. పుస్తకంలో ఆ సరస్సు వెనుక ఎక్కడా ఖాళీ లేని దట్టమైన స్ప్రూస్ అడవి కనిపిస్తే ఆ ఫోటో అంతకు ముందుది. ఫోటో పాతదైతే రాత కూడా పాతదే కావాలని లేదు కానీ, నాకైతే అనుమానం మొదలవుతుంది. మార్మొలాదా శిఖరం మీద 2022 జూలై 3న హిమానీనదం విరిగిపడి 11 మంది చనిపోయిన ఘటన తరువాత అక్కడి దారుల సంగతి ఏమని రాశారో కూడా చూడండి. కోర్టీనాలో 2026 ఫిబ్రవరి శీతాకాల ఒలింపిక్స్ పోటీలు జరిగాయి కాబట్టి, ఆ ఊరి వర్ణన అంతకు ముందుదో తరువాతదో తెలుసుకోవడం అవసరం.

నడకల కోసం మాత్రం వేరే చిన్న పుస్తకం తీసుకోండి. మ్యూనిక్ నుంచి వచ్చే రోథర్ వారి ఎర్ర అట్ట పుస్తకాలు జేబులో పడతాయి, ఇంగ్లీషులోనూ దొరుకుతాయి. ప్రతి నడకనూ నీలం, ఎరుపు, నలుపు రంగులతో తేలిక, మధ్యస్థం, కఠినం అని విడదీస్తారు కాబట్టి నాన్నగారితో వెళ్లే మీకు నీలం, ఎంచి ఎంచి కొన్ని ఎరుపు చాలు. సిసెరోనీ వారి పుస్తకాల్లో వివరణ ఇంకా విస్తారంగా ఉంటుంది. రెండింటిలో ఒకటి చాలు, రెండూ వద్దు.

జవాబు 3

ఊళ్ల పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ ప్రాంతంలో అన్నిటికంటే ముందు తెలియవలసినది అదే.

మొదటి ప్రపంచ యుద్ధం దాకా, బోల్జానో చుట్టూ ఉన్న దక్షిణ తిరోల్ ఆస్ట్రియా-హంగరీలో ఉండేది, 1919 ఒప్పందంతో ఇటలీకి వచ్చింది. ఈనాటికీ అక్కడ ఎక్కువ మంది మాతృభాష జర్మన్. అందుకని ప్రతి ఊరికీ రెండు పేర్లు, లదీన్ అనే స్థానిక భాష మాట్లాడే వాల్ గార్డెనా వంటి లోయల్లో మూడు పేర్లు. బోల్జానో, బోజెన్ ఒకటేనని ఊహించవచ్చు. కానీ వీపితేనో అన్నా స్టెర్‌జింగ్ అన్నా ఒకే ఊరు, శాన్ కాందిదో అన్నా ఇన్నిఖెన్ అన్నా ఒకే ఊరు, సెల్వా అన్నా వోల్కెన్‌స్టైన్ అన్నా ఒకే ఊరు అని చెబితే తప్ప ఎలా తెలుస్తుంది? మీరు ఓర్తిజెయిలో బస చేస్తే టికెట్టు మీద సాంక్ట్ ఉల్రిఖ్ అని, ఊరి ముందు బోర్డు మీద ఉర్తిజెయ్ అని కూడా కనిపిస్తుంది.

నేనూ నా మిత్రుడూ ట్రే చీమె దగ్గర ఈ విషయమై అరగంట వాదించుకున్నాము. అతని చేతిలో జర్మన్ నుంచి అనువదించిన నడకల పుస్తకం ఉన్నది, అందులో మధ్యాహ్నం ద్రైజిన్నెన్‌హ్యూటె అనే విడిదిలో ఆగమని రాసి ఉన్నది. దారి చీలిన చోట బాణం గుర్తు మీద లొకతెల్లి అని మాత్రమే కనిపించింది. మనం వెళ్లవలసినది వేరే చోటికని అతను, మ్యాపులో అక్కడ ఉన్నది ఒకటే ఇల్లు అని నేను. చివరికి మ్యాపును నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి చూస్తే ఒకే నల్ల చదరం పక్కన ఇటాలియన్ పేరు, జర్మన్ పేరు రెండూ ఉన్నాయి. ఆ రోజు మమ్మల్ని ముందుకు నడిపించినది ఆ చదరమే.

కాబట్టి గైడ్‌బుక్ సూచికలో రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూసి కొనండి. ఒక్క భాష పేర్లే ఉన్న పుస్తకం అయితే, అట్ట లోపలి వైపు మీ దారిలోని పది పన్నెండు ఊళ్ల పేర్లను రెండు భాషల్లో రాసి పెట్టుకోండి. కోర్టీనా వైపు, అంటే వెనెతోలో, జర్మన్ పేర్లు బోర్డుల మీద కనిపించడం చాలా తక్కువ అన్నది కూడా గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. దొబ్బియాకో పరీక్షను మూడు పుస్తకాల మీద చేసి చూశాను. ఒక దానిలో సూచికలో పేరే లేదు, ఒక దానిలో రెండు వాక్యాలు, మూడవ దానిలో దాదాపు ఒక పేజీ ఉన్నది. ఆ మూడవది తీసుకున్నాను. తబాక్కో 05, 03, 010 షీట్లు కూడా తెప్పించాను. ఇప్పుడు ఇంట్లో మరొక వాదన మొదలైంది. అన్నీ ఫోనులో ఉన్నప్పుడు కాగితం మ్యాపు ఎందుకు అని నా భార్య అడుగుతున్నది. నా దగ్గర సరైన సమాధానం లేదు.

జవాబు 4

ఆమె అడిగినదానిలో న్యాయం ఉన్నది. పట్టణాల్లో, బస్సుల విషయంలో, రోప్‌వే నడిచే వేళల విషయంలో ఫోనును మించినది లేదు. ఈ రకమైన సమాచారం కోసం గైడ్‌బుక్‌ను అసలు నమ్మవద్దు. ఉదాహరణకు దొబ్బియాకో దగ్గరి బ్రాయెస్ సరస్సుకు 2025లో జూలై 10 నుంచి సెప్టెంబరు 10 వరకు పగటి వేళ ముందస్తు బుకింగు లేకుండా కారును అనుమతించలేదు. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లే బస్సుకూ ముందుగానే సీటు చూసుకోవలసి వచ్చింది. ట్రే చీమె కిందికి వెళ్లే టోల్ రోడ్డుకు 2025 వేసవిలో కార్లకు ఆన్‌లైన్ బుకింగు తప్పనిసరి చేశారు. 2024లో అచ్చయిన ఎంత మంచి పుస్తకమైనా ఇది చెప్పలేదు. మీరు సెప్టెంబరులో వెళుతున్నారు కాబట్టి మరీ ముఖ్యంగా చూడవలసినది కొండ మీది విడుదులు, రోప్‌వేలు ఏ తేదీన మూసివేస్తారన్నది. చాలా విడుదులు సెప్టెంబరు మూడవ వారం నుంచి ఒక్కొక్కటిగా తలుపులు వేసుకుంటాయి. ఆ తేదీ ప్రతి ఏటా మారుతుంది.

కొండ మీద మాత్రం ఏ యాప్ అన్నది చూడాలి. గూగుల్ మ్యాప్స్‌ను ఆఫ్‌లైన్‌లో దింపుకున్నా నడక దారి చూపదు, కారు దారే చూపుతుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలైతే అసలే ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అన్నది 2004లో మొదలై స్వచ్ఛందంగా పనిచేసేవారు గీస్తున్న పటం. ఆల్ప్స్‌లో దాని వివరం ఆశ్చర్యం కలిగించేంత బాగుంటుంది. ఓఎస్‌ఎమ్‌యాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌లు దాన్నే వాడతాయి. బయలుదేరే ముందే మీ ప్రాంతాన్ని దింపుకుని, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూడండి. జీపీఎస్‌కు నెట్ అక్కరలేదు, ముందుగా దింపుకోని పటానికి కావాలి. ఈ తేడా తెలియక, కింద ఉన్నప్పుడు చక్కగా పనిచేసిన పటం కనుమ దగ్గర బూడిద రంగు గళ్లుగా మారిపోయాక కంగారు పడినవారిలో నేనూ ఉన్నాను. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోవడం మరొక సంగతి.

ఇక కాగితం ఎందుకు అంటే, ఎక్కడ ఉన్నామో ఫోను చెబుతుంది, ఇక్కడి నుంచి ఎటు ఎటు వెళ్లవచ్చో కాగితం చూపుతుంది. మబ్బు కమ్మినప్పుడు దిగిపోవడానికి దగ్గరి రోప్‌వే ఏది, నాన్నగారు అలసిపోతే మధ్యలో ఆగడానికి విడిది ఏది అన్నవి అరచేతి వెడల్పు తెర మీద అటూ ఇటూ జరుపుతూ వెతకడం కంటే పరిచిన మ్యాపులో ముగ్గురూ ఒకేసారి వేలు పెట్టి చూడడం తేలిక.

జవాబు 1 రాసినవారు

పై మాటకు ఒక చిన్న చేర్పు. నడకకు పట్టే కాలాన్ని పుస్తకం చెప్పిన అంకెతో సరిపెట్టుకోకుండా ఇంట్లోనే లెక్క కట్టుకోండి. కుట్టుపని దారాన్ని తడిపి మ్యాపులో దారి వెంబడి వంపులతో సహా పరిచి, తరువాత చాచి స్కేలుతో కొలవండి. ఆల్ప్స్‌లో బాగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం సమంగా ఉన్న దారిలో గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కుడు గంటకు 300 మీటర్లు, దిగుడు గంటకు 500 మీటర్లు. దూరానికి పట్టే కాలం ఒకటి, ఎక్కుడు దిగుడులకు కలిపి పట్టే కాలం మరొకటి వేసుకుని, రెండింటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. వచ్చినది ఆగకుండా నడిస్తే పట్టే సమయం. ఫోటోలకు, భోజనానికి, మోకాళ్లకు వేరే లెక్క.

ప్రశ్న అడిగినవారు

దారం మాట చదివి వినిపించగానే నాన్నగారు 010 షీటును భోజనాల బల్ల మీద పరిచారు. నీలం దారం దొరికితే దాన్ని తడిపి, కళ్లజోడు మార్చుకుని, 101 వెంట వెళ్లి 105 మీదుగా తిరిగి వచ్చేసరికి అరగంట పట్టింది. దారం పొడవు 38 సెంటీమీటర్లు వచ్చింది, అంటే తొమ్మిదిన్నర కిలోమీటర్లు. కాంటూరు రేఖలు లెక్కపెట్టి ఎక్కుడు నాలుగు వందల మీటర్లు, చుట్టు దారి కాబట్టి దిగుడూ అంతే అన్నారు. దూరానికి రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకు కొద్దిగా తక్కువ, ఎక్కుడు దిగుళ్లకు రెండు గంటల పది నిమిషాలకు కొద్దిగా తక్కువ, అందులో సగం కలిపితే మొత్తం దాదాపు మూడున్నర గంటలు. తన నాలుగు గంటల హద్దులోనే ఉన్నది కాబట్టి ఈ నడక ఖాయమన్నారు. లొకతెల్లి దగ్గర ఒక గంట ఆగవలసిందేనని కూడా అక్కడే పెన్సిలుతో రాసుకున్నారు. నా భార్య ఫోనులో ఓఎస్‌ఎమ్‌యాండ్ దింపుకుని అదే దారిని కొలిచి, రెండు వందల మీటర్లు తేడా వస్తున్నదని చెబితే, దారాన్ని మళ్లీ తడుపుతున్నారు.